సత్తెమ్మ అత్తమ్మ సంతకం

బ్యాంకుకు తాళం వేసి ఉంది. అది ఆదివారం తాళం కాదని చూడగానే తెలిసిపోయింది. షట్టరు అంచు వెంబడి మట్టి గట్టిపడి అందులో గడ్డి కూడా మొలిచింది. బోర్డు ఊడదీసిన చోట గోడ మాత్రం నిన్ననే సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఈ శాఖను మరో శాఖలో కలిపేశామనీ, ఖాతాదారులు ఇకమీదట అక్కడికే వెళ్ళాలనీ ఒక కాగితం అంటించారు. ఆ మరో శాఖ ఎక్కడుందో రాసిన మూల వానకు నాని ఊడిపోయింది. మా మేనత్త ఖాతా మూయించడానికి వచ్చాను. నా చేతిలో ఆమె మరణ ధ్రువపత్రం, ఆమె పాస్‌బుక్కు, నా ఆధార్ నకళ్ళు, రెండు ఫోటోలు ఉన్నాయి. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో, మిట్టమధ్యాహ్నం, ఇన్ని కాగితాలు పట్టుకుని మూసిన షట్టరు ముందు నిలబడి, ఆ కాగితం అంటించినవాణ్ణి కసితీరా తిట్టుకున్నాను.

పక్కన చాయ్ బండి అతన్ని అడిగాను. "గది మూసి ఏడాదాయె మేడం. మెయిన్ రోడ్డు మీద పెద్ద కాంప్లెక్సుల కలిపిన్రు. ఆడికి వోయినా పైసలు చేతికియ్యరు, మిషిన్ల తీస్కో అంటరు. ఆ మిషిన్ల పైసలుంటేనాయె," అన్నాడు. మరి పింఛను తీసుకునే ముసలివాళ్ళ సంగతేమిటని అడిగితే గరిటెతో ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు చూపించాడు. అక్కడ ఉప్పు బస్తాల పక్కన ఒక చిన్న యంత్రం పెట్టుకుని కొట్టతను కూర్చున్నాడు. ఒక ముసలామె దాని మీద వేలు పెడుతోంది, తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. "పడ్తలేదవ్వా, రేపు రా," అన్నాడతను. "మొన్న గట్లనే అంటివి, నిన్న గట్లనే అంటివి," అందామె. "నేనేం జేయాలె? నీ ఏలి మీద గీతల్లేవు." "నాట్లేసి నాట్లేసి అరిగినయ్ బిడ్డా, కొత్తయి యాడికెల్లి తేవాలె?" అని ఆమె ఆ వేలిని తన కొంగుకేసి రుద్దుకుంది. కొట్టతను అప్పటికే ఎవరికో చక్కెర తూస్తున్నాడు. నేను చూడలేక వచ్చి మూసిన బ్యాంకు మెట్ల మీద కూర్చున్నాను. వేలిముద్ర అనే మాట వినపడే చోట నేను నిలబడలేను. అది ఎందుకో ఇవాళ రాస్తాను. ఇన్నాళ్ళూ రాయలేదంటే ధైర్యం లేకే.

మా బాపుకు, అంటే నాన్నకు, సత్తెమ్మ ఒక్కతే అక్క, నాకు అత్తమ్మ. మాది శేరిగూడ దగ్గరి పల్లె. మా తాత అత్తమ్మ పెళ్ళిలో పసుపు కుంకుమల కింద బొంగులూరు తోవలో ఎకరన్నర చెల్క ఇచ్చాడు. రాళ్ళు తప్ప ఏమీ పండని చెల్క కాబట్టే ఇచ్చాడని మా నాయనమ్మ అనేది. అత్తమ్మను అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి ఊరికిచ్చారు. నాలుగో ఏట మామ జ్వరమొచ్చి దవాఖానకు తీసుకెళ్తుండగా దారిలోనే పోయాడు. పిల్లల్లేరు. ఒక ట్రంకు పెట్టె, రెండు ఇత్తడి చెంబులతో పుట్టింటికి తిరిగొచ్చింది. నేను పుట్టేసరికే ఆమె మా ఇంట్లో ఉంది. తెల్లవారకముందే వాకిట్లో అలుకు చల్లేది ఆమె, బర్రెను పిండేది ఆమె, పాలు కేంద్రంలో పోసొచ్చేది ఆమె. పొద్దున లేచేసరికి ఇంట్లో కట్టెల పొగ, కాలుతున్న జొన్నరొట్టె వాసన, తడి మట్టి వాసన కలిసి ఉండేవి. ఆ మూడింటి వెనకా ఆమె చేతులే ఉండేవి. మా అమ్మ పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమె సగం పని అయిపోగొట్టి, ఎవరికీ అడ్డం రాకుండా వక్కల సంచి విప్పుకుని కొట్టం గోడకు ఆనుకుని కూర్చునేది.

ఆమె పడక మాత్రం ఎక్కడా కుదురుగా ఉండేది కాదు. మామూలు రోజుల్లో గింజల గదిలో, అంటే అర్రలో, చాప వేసుకునేది. వడ్లు ఇంటికొచ్చాయంటే బస్తాలు లోపలికి, ఆమె చాప బయటికి. చుట్టాలొస్తే వసారా కూడా ఉండేది కాదు, కొట్టంలో బర్రె పక్కన పడుకునేది. ఎవరూ ఆమెను వెళ్ళమనేవారు కాదు, అది నిజం. మా అమ్మ ఊరికే చాప చుట్టి గోడకు నిలబెట్టేది, అంతే. ఆమె అర్థం చేసుకుని ఎత్తుకుపోయేది. ఒకసారి నా తలకు కుంకుడు రసం రుద్దుతూ, "నాకు ఏం కోరిక లేదు బిడ్డా. రెండర్రల ఇల్లు, ఒక తాళంచెవి. నా సాప నేనెత్తాలె, ఇంకెవ్వరు ఎత్తొద్దు," అంది. కుంకుడు కళ్ళలో పడి నేను అరుస్తున్నాను. ఆమె అన్నది అప్పుడు సరిగ్గా వినను కూడా లేదు. తర్వాత ఎన్నిసార్లు విన్నానో.

ఆ రోజుల్లోనే భూములకు రెక్కలొచ్చాయి. పట్నం మా మీదికి నడిచొస్తోందని అందరూ అనేవారు. రింగు రోడ్డు వస్తుందన్నారు, కంపెనీలు వస్తాయన్నారు. శేరిగూడలో ఇంజనీరింగు కాలేజీలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. సాగర్ రోడ్డు పొడుగునా చెల్కల్లో రంగు జెండాలు, సున్నం రాళ్ళు, తెల్ల కార్లు. నాగలి పట్టినవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని, హోటల్ బల్లల దగ్గర గజాల లెక్కలు మాట్లాడేవారు. మా బాపు కూడా వాళ్ళలో కలిసిపోయాడు. పొలానికి వేసుకెళ్ళే చెప్పులు మూలన పడేసి కొత్త బూట్లు కొన్నాడు. అవి కరిచి మడమలు పుండ్లయినా విప్పేవాడు కాదు. ఎవరికీ అక్కరలేని అత్తమ్మ ఎకరన్నర ఒక వెంచరుకు నట్టనడుమ పడింది. అది లేనిదే వాళ్ళకు రోడ్డు కుదరదు. అట్లా మా ఇంట్లో అందరికన్నా ముందు డబ్బు చూసింది, చాప ఎత్తుకుని తిరిగే మా అత్తమ్మ.

కంపెనీవాళ్ళు చెక్కు ఇస్తామన్నారు కాబట్టి ఆమెకు బ్యాంకులో ఖాతా తెరవాల్సి వచ్చింది. చదువు రాదు కనుక వేలిముద్ర ఖాతా. దానికొక పద్ధతి ఉండేది. వేలిముద్రవాళ్ళకు చెక్కుల పుస్తకం ఇవ్వరు, కార్డు ఇవ్వరు. డబ్బు కావాలంటే మనిషే రావాలి, పుస్తకంలో అంటించిన ఫోటోతో మొహం పోల్చి చూడాలి, కౌంటరు ముందు వేలు వేయాలి, డబ్బు ఆ మనిషి చేతికే ఇవ్వాలి. మా శాఖలో ఈ పని చూసే క్యాషియరు రంగారావు గారని కృష్ణా జిల్లా ఆయన. వనస్థలిపురంలో ఇల్లు, రోజూ బస్సులో వచ్చేవాడు. ఇనుప జాలీ వెనక మెడకు చేతిరుమాలు చుట్టుకుని కూర్చునేవాడు. మొదటిసారి ఆయన "సత్తెమ్మ గారూ, రండి" అని పిలిస్తే అత్తమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకో సత్తెమ్మ ఎవరో ఉందనుకుని. బయటికొచ్చాక నవ్వు ఆపుకోలేకపోయింది. "గారట! నన్ను పట్టుకొని గారట!" అని ఇంటికి చేరేదాకా చెప్పుకుంది.

బ్యాంకు రోజంటే ఆమెకు పండగ. బీరువా లేదు కాబట్టి ట్రంకు పెట్టెలోంచి ముదురు ఎరుపు అంచు చీర తీసేది. అందులో కలరా ఉండల వాసన. నన్ను వెంట తీసుకుని షేర్ ఆటోలో ఇబ్రహీంపట్నం వచ్చేది. బ్యాంకులో బంక వాసన, సిరా వాసన, గిర్రున తిరుగుతూ ఏ గాలీ ఇవ్వని పంకా. వరస నంబరున్న ఇత్తడి బిళ్ళ చేతిలో పట్టుకుని బెంచీ మీద వీపు నిటారుగా పెట్టి కూర్చునేది. పిలుపు వచ్చాక రంగారావు గారు తప్పకుండా అడిగేవాడు: "డబ్బు ఎవరి కోసం తీస్తున్నారండీ?" ఆమె ఒక్కోసారి మందులకనేది, ఒక్కోసారి చీరకనేది. నిజానికి దేనికీ కాదు. ఐదువందలు తీసేది, పది రోజులకు అదే ఐదువందలు తెచ్చి మళ్ళీ కట్టేది. "ఉన్నయా పోయినయా సూసుకోవాలె గద," అని నాతో అనేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. విసుక్కోకుండా లెక్కపెట్టి, జాలీ కింద నుంచి చెయ్యి బయటపెట్టి, నోట్లు ఆమె అరచేతిలోనే పెట్టేవాడు. వేలికంటిన సిరాను ఆమె వెంట్రుకలకు రాసుకునేది.

ఒకసారి బాపు కూడా వచ్చాడు, ఎరువులకు ఏదో తక్కువ పడిందని. జాలీ దగ్గర డబ్బు కోసం ముందుకు చెయ్యి చాచాడు. రంగారావు గారు నోట్లు వెనక్కి తీసుకుని, "మీరు కాసేపు వెనక నిలబడండి. ఆవిడ పుచ్చుకున్నాక మీకిస్తారో లేదో ఆవిడిష్టం," అన్నాడు. బాపు మొహం ఎర్రబడింది. అత్తమ్మ డబ్బు తీసుకుంది, రెండుసార్లు లెక్కపెట్టుకుంది, మెల్లగా సంచిలో పెట్టుకుంది, అప్పుడు అందులోంచి తీసి తమ్ముడికిచ్చింది. ఆమె ముందు, ఆయన వెనక. ఇంట్లో ఎప్పుడూ చూడని దృశ్యం అది. ఊళ్ళో మా బాపు ముందు మగవాళ్ళే గొంతెత్తేవారు కాదు. అది చూస్తూ నేనేం అనుకున్నానో చెప్పనా? ఈ క్యాషియరుకు ఇంత పొగరేమిటి అనుకున్నాను. ఇంకా, మా అత్తమ్మ అందరి ముందూ వేలిముద్ర వేయడం ఎంత నామోషీ అనుకున్నాను.

నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఎండాకాలం సెలవుల్లో కాలేజీ తరఫున పల్లెల్లో అక్షరాలు నేర్పే శిబిరానికి పోయొచ్చాను, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు, దాంతో కళ్ళు నెత్తికెక్కాయి. ఊరందరికీ నేర్పుతూ మా ఇంట్లో వేలిముద్ర నిశానీయా అని పట్టుబట్టి అత్తమ్మను కూర్చోబెట్టాను. ఆరు వారాలు. పాత క్యాలెండరు కాగితాల వెనక, పాలు పోసొచ్చాక, కొట్టం గోడ నీడలో. 'స' ఆమెకు తొందరగానే వచ్చింది. 'త్తె' దగ్గర ఆగిపోయింది. "గిదేంది బిడ్డా, మోపు ఎత్తుకున్న మనిషి లెక్కుంది. పైన మోపు, కింద కాళ్ళు. గింత కష్టం నా పేర్ల ఎవడు పెట్టిండు?" అనేది. నేను గుండ్రంగా రాసిచ్చేదాన్ని, ఆమె దాని మీదే పెన్ను తిప్పేది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. మొత్తం పేరు తప్పులేకుండా వచ్చిన రోజు ఆ కాగితం మా అమ్మకు చూపించింది, బాపుకు చూపించింది, పాల కేంద్రం దాకా తీసుకుపోయి చూపించింది. అంత సంతోషం నేను ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఖాతాను సంతకం ఖాతాగా మార్చమని నేను, అత్తమ్మ, బాపు ముగ్గురం బ్యాంకుకు వెళ్ళాం. రంగారావు గారు ఆమె రాసింది చూసి, "బాగుందండీ, ముత్యాల్లా ఉన్నాయి," అన్నాడు. తర్వాత నన్ను కౌంటరు చివరికి పిలిచి గొంతు తగ్గించాడు. "పాపా, చదువు నేర్పావు, చాలా మంచిది. పేరు రాసుకోనీ, పుస్తకం చదువుకోనీ. బ్యాంకులో మాత్రం వేలిముద్రే ఉండనివ్వమ్మా. ముద్రయితే మనిషి రావాలి, మనిషి వస్తే నేను మొహం చూస్తాను. సంతకమయితే కాగితం వస్తే చాలు." నాకు ఒళ్ళు మండింది. "అయితే ఆమె బతికినంత కాలం వేలు నల్లగా చేసుకునే తిరగాలా సార్? చదువురాని వాళ్ళుంటేనే మీ పెత్తనం సాగుతుంది కదా!" అన్నాను, క్యూలో అందరూ వినేట్టు. ఆయన నా వంక చూశాడు, వెనక నిలబడ్డ మా బాపు వంక చూశాడు, ఫారాలు తీశాడు. ఆ రోజు బాపు హోటల్లో మిర్చిబజ్జీలు తినిపించి, "నా బిడ్డ సదువు ఇయ్యాల పనికొచ్చింది," అన్నాడు. నేను మురిసిపోయాను.

చెక్కుల పుస్తకం ఇంటికొచ్చింది. "అక్కా, గీ ఎండల నువ్వెందుకు తిరుగుడు? ఈడ్నే సంతకం పెట్టు, నేను పోయొస్త," అన్నాడు బాపు. ఆమెకూ సంతకం పెట్టడమంటే మోజు. బాపు కాగితం తెచ్చాడంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలి, పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ కదలకూడదు. మిగతాదంతా ముందే రాసిపెట్టడం నా పని. బాపు అక్షరాలు కోడి గీకినట్టుంటాయి, బ్యాంకువాళ్ళు తిప్పి పంపుతారని నాతో రాయించేవాడు. అంకెలు, అక్షరాల్లో రూపాయలు, పేరు, తేదీ అన్నీ తెలుగులో, గుండ్రంగా రాసేదాన్ని. మొదటి చెక్కు ఒక ప్లాటు బయానాకు, అంటే అడ్వాన్సుకు. "అత్తమ్మ పేరు మీదనే గద బాపూ?" అని అడిగాను. "మరెవరి పేరు మీద, పిచ్చిదానా? రెండర్రలేంది, మా అక్కకు మూడర్రలు కట్టిపిస్త," అన్నాడు. రెండో చెక్కుకు అడగలేదు. మూడోదానికి, డబ్బు బాపు బేరాలకే పోతోందని తెలిసీ అడగలేదు. ఒక ప్లాటు అమ్మి రెండు కొంటాడట, రెండు అమ్మి నాలుగు. నిజం చెప్పాలంటే బాపు దొంగ కాదు. అక్కకు ఇల్లు కట్టాలనే అనుకున్నాడు, కాకపోతే ముందు తాను పెద్దమనిషి కావాలనుకున్నాడు. నేనూ చిన్నపిల్లను కాను. నా బీఎడ్ ఫీజు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు.

అత్తమ్మ బ్యాంకుకు పోవడం మానేసింది. పని లేదు కదా. ఎర్రంచు చీర పెట్టెలోనే ఉండిపోయింది. పరీక్ష ఫీజుకు డీడీ తీయడానికి నేనొకసారి వెళ్తే రంగారావు గారు జాలీలోంచి తల వంచి చూసి, "సత్తెమ్మ గారు కనపడ్డమే లేదేం? ఒంట్లో బాగుంటోందా?" అని అడిగాడు. బాగానే ఉంది సార్, ఎండలు కదా అన్నాను. "ఒకసారి తీసుకురామ్మా. ఊరికే, చూసి పంపిస్తాను," అన్నాడు. తీసుకొస్తానన్నాను. షేర్ ఆటోలో అరగంట దూరం. తీసుకురాలేదు. ఆ తర్వాత ఆయనకు బదిలీ అయిందని తెలిసింది. ఎక్కడికో కూడా నేను అడగలేదు.

బాపు పెట్టుబడి పెట్టిన రెండో వెంచరు ఒక చెరువు శిఖంలో వేశారు. అంటే వానలు బాగా పడితే నీళ్ళు నిలిచే భూమి. అధికారులు వచ్చి హద్దురాళ్ళు పీకేశారు. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది, ఫోన్లు మోగడం మానేశాయి. దానికి తోడు అప్పుడే భూముల బేరాలు చల్లబడ్డాయి. బాపు బూట్లు విప్పేసి ఇంట్లో కూర్చున్నాడు. అత్తమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ ఉగాది వెళ్ళాక ఒకరోజు ఆమే ఎర్రంచు చీర కట్టుకుని నా ముందు నిలబడి, "బిడ్డా, జర బ్యాంకుకు పోదాం పా. మీ బాపు ప్లాటు సంగతి మాట్లాడ్తలేడు. నేనే ఇంత తీసి, గుంటెడు జాగ సూసుకొని ఇంటికి ముగ్గు పోపిస్త," అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకుండా ఆమెతో ఆటో ఎక్కాను.

జాలీ తీసేసి అద్దం పెట్టారు. బిళ్ళలు లేవు. కుర్రవాడొకడు కంప్యూటరు చూసి, "బ్యాలెన్స్ లేదమ్మా, మినిమం మాత్రమే ఉంది," అన్నాడు, మొహం ఎత్తకుండానే, బెంచీల దాకా వినపడేట్టు. "మంచిగ సూడు బిడ్డా, సత్తెమ్మ, సత్తెమ్మ," అందామె. "అదేనమ్మా. అంతా చెక్కుల మీద డ్రా అయింది." "ఎవరు తీసిన్రు?" అతను విసుగ్గా లోపలికి వెళ్ళి ఒక కట్ట తెచ్చి, అద్దం కింది సందులోంచి ఒక చెక్కు ఇటు తిప్పి చూపించాడు. "ఇది మీ సంతకమే కదా?" ఆమె వంగి చూసింది. మోపు ఎత్తుకున్న మనిషి, పైన మోపు, కింద కాళ్ళు. చాలాసేపు చూసింది. ఆరు వారాలు కూర్చుని నేర్చుకున్న పేరును కాదని ఎట్లా అంటుంది? "అవ్, నాదే," అంది. నా వైపు తిరగలేదు. ఆటోలో ఇద్దరి మధ్యా ఎవరిదో కూరగాయల గంప ఉంది, దాన్ని పట్టుకుని కూర్చుంది. ఇంటికి వెళ్ళాక బాపు ఆమె మొహం చూడగానే తెలుసుకుని, "అక్కా" అని కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుని, "బర్రెకు నీళ్ళు పెట్టిన్రా లేదా?" అని అడిగి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె మా ఇంట్లో ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నాం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా జీతం నేను కళ్ళారా చూసింది లేదు. ఎక్కడో పడుతుంది, ఎక్కడికో పోతుంది, ఫోను చిన్న శబ్దం చేస్తుంది. కూరగాయల బండి దగ్గర కూడా ఫోనే చూపిస్తున్నాను. సుఖంగానే ఉంది, లేదని ఎందుకు అబద్ధమాడాలి? ఆ పాత బ్యాంకులు మాత్రం ఏమంత గొప్పవి? భోజనానికి పోయిన ఆఫీసరు కోసం గంటలు కూర్చున్నాం, పంచె కట్టినవాణ్ణి ఒకలా ప్యాంటు వేసినవాణ్ణి ఒకలా చూడటం చూశాం. కానీ మా ఊళ్ళ ఆడవాళ్ళకు ఇంటి బయట కూర్చోవడానికి ఒక బెంచీ ఉండేది, ఈ డబ్బు ఎవరికోసమమ్మా అని అడిగే మనిషి ఒకడుండేవాడు. ఇప్పుడు కిరాణా కొట్టు యంత్రం అడగదు. వేలు చాలు దానికి, మనిషి అక్కరలేదు. మొన్న బ్యాంకు మెట్ల మీంచి లేచి వెళ్ళి, ఆ కొట్టు దగ్గరి ముసలామెకు నా సంచిలో ఉన్న నోట్లు ఇవ్వబోతే, "నాయి నాకున్నయి బిడ్డా, నీయెందుకు?" అని కోప్పడింది.

బాపు పోయాక అత్తమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆమెకని ఒక గది, మంచం, లోపలి గొళ్ళెం. ఆమె మంచం మీద పడుకోలేదు. కిందే చాప వేసుకుని, తెల్లవారగానే చుట్టి తలుపు వెనక నిలబెట్టేది. మా ఆడబిడ్డ వాళ్ళొస్తున్నారని ఫోనులో మాట్లాడుతుంటే విని, చాప చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చేసేది. ఇది నీ గది అత్తమ్మా, ఎవరొచ్చినా నీదే అని ఎన్నిసార్లు చెప్పానో. "అవ్ బిడ్డా, నాదే," అనేది, వరండాలోనే కూర్చుని. చివరికి ఒకరోజు, మా ఊరి వైపు చిన్న జాగా ఉంది, నీ పేరు మీద కొని రెండర్రలు వేయిస్తానన్నాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఇప్పుడా?" అని నవ్వింది. "నడుము లేస్తలేదు, కాళ్ళు లేస్తలేవు. ఆ తాళం తీసేటందుకు గూడ ఇంకో మనిషి గావాలె నాకు. ఊకో."

ఇక దాచలేకపోయాను. ఆమె ముందు నేల మీద కూర్చుని చెప్పేశాను. "అత్తమ్మా, ఆ చెక్కుల మీద అంత రాసింది నేనే. పైసలు యాడికి పోతున్నయో నాకు తెలుసు. తెలిసే రాసిన."

"నాకెర్కనే," అంది ఆమె, చేతిలో కాయ ఆపకుండా.

"ఎట్ల ఎర్క? బాపు చెప్పిండా?"

"మీ బాపేం జెప్తడు? నాకు అచ్చరాలు సూపిచ్చిందే నువ్వు. ఆరు వారాలు నీ అచ్చరాల మీదనే గద నా పెన్ను దింపిన. ఇంకెవ్వల అచ్చరాలు నాకెర్కని? మీ బాపు కాయితం ముంగట వెడ్తే నేను ముందుగాల గదే సూసేదాన్ని. నీ అచ్చరాలుంటే పెట్టేదాన్ని. సదువుకున్న పిల్ల, నా పిల్ల, సూసే రాస్తది గద అనుకున్న." చిక్కుడు ఈనె పక్కకు పడేసింది. "ఒకపారి నీయి లేకుంట, ఇంకెవ్వలతోనో రాపిచ్చుకొని తెచ్చిండు. ఎంత బతిలాడినా నేను పెట్టలే."

ఆ రోజు నాకు గుర్తుంది. నేను పరీక్షకు చదువుకుంటున్నాను. బాపు చించేసిన చెక్కు ముక్కలు జేబులో కుక్కుకుంటూ వచ్చి, రాత తప్పు పడిందట, నువ్వు మళ్ళీ రాసియ్యి అని కొత్త చెక్కు నా పుస్తకం మీద పెట్టాడు. అన్నిటికన్నా పెద్ద మొత్తం అదే. ఎందుకు, ఎవరికి అని అడగకుండా, తల కూడా ఎత్తకుండా, గుండ్రంగా రాసిచ్చాను.